అజాథయోప్రిన్ మొదలుపెట్టే ముందు చేయించుకున్న జన్యు పరీక్ష

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. జబ్బు ముదిరితే రైలెక్కి విశాఖపట్నం వెళ్లడం మా వైపు అందరికీ అలవాటే. రక్తం, జిగట పడుతున్నాయని ఇక్కడ చాలాకాలం అమీబా మాత్రలే వాడాను. విశాఖలో కొలనోస్కోపీ, బయాప్సీ చేశాక అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) అని తేలింది. పేగు వాపు తగ్గించే మెసలమైన్ అనే మందుతో కొంత నెమ్మదించింది గానీ స్టెరాయిడ్ తగ్గించినప్పుడల్లా మళ్లీ రక్తం పడేది. ఇక రోగనిరోధక శక్తి జోరు తగ్గించే అజాథయోప్రిన్ అనే మందు ఇవ్వాలన్నారు డాక్టరు గారు. ముందు ఎన్‌యూడీటీ15 అనే జన్యువు పరీక్ష చేయించమన్నారు.

జన్యువు అనగానే అమ్మకు టెన్షన్ పట్టుకుంది. "మా వైపు లేదు, మీ నాన్న వైపూ లేదు. రేపు పిల్లకి వస్తాదేటి?" అని డాక్టరు గారినే అడిగేసింది.

ఆయన ఓపిగ్గా చెప్పారు. ఈ జబ్బు ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. 2001లో దీనికి దగ్గరి చుట్టమైన క్రోన్స్ అనే పేగు జబ్బుకు నాడ్2 అనే జన్యువుతో సంబంధం బయటపడింది. ఆ తర్వాత ఈ రెండు జబ్బులకు సంబంధం ఉన్న ఇలాంటి చోట్లు మన జన్యువుల్లో 200కు పైగా దొరికాయి, ఒక్కొక్కటీ ముప్పును కాస్త కాస్త పెంచేవే. పైగా ఐరోపావాళ్లలో కనిపించే ఆ నాడ్2 మార్పులు మన రోగుల్లో చాలా అరుదు. తండ్రికి ఉంటే పిల్లకు అవకాశం కొంత ఎక్కువే, అయినా ఎక్కువమంది పిల్లలకు రాదు. పాపకు ఏ పరీక్షా వద్దన్నారు.

నాకు రాసిన పరీక్ష జబ్బు గురించి కాదు, మందు గురించి. ఈ జన్యువులో తేడా ఉంటే అజాథయోప్రిన్ ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. తెల్లరక్తకణాలు పడిపోతాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతుంది. 2014లో కొరియా రోగుల్లో దీన్ని కనిపెట్టారు. మనవాళ్లలోనూ ఇది తక్కువేం కాదు. ఇదే మందు కోసం ముందు నుంచీ చేసే టీపీఎంటీ అనే వేరే జన్యువు పరీక్ష ఒక్కటే చేయిస్తే ఇది బయటపడదు.

ఊదారంగు మూత గొట్టంలో కాస్త రక్తం తీసుకున్నారు, అంతే. రిపోర్టులో 'హెటెరోజైగస్' అని ఉంది. అంటే అమ్మానాన్నల్లో ఒకరి నుంచి ఒక మార్పు వచ్చింది. రెండువైపులా వచ్చుంటే ఈ మందు జోలికే వెళ్లేవాళ్లం కాదన్నారు. నాకు తక్కువ డోసుతో మొదలుపెట్టి, మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయించారు. రాయగడలోనే చేయించుకుని వాట్సాప్‌లో పంపేవాణ్ణి. ఒకసారి తెల్లకణాలు తగ్గితే మందు కొన్నాళ్లు ఆపి మళ్లీ ఇచ్చారు. జుట్టు ఊడలేదు. స్టెరాయిడ్ పూర్తిగా మానేశాను.

పర్లాకిమిడిలో ఉన్న చెల్లికి కూడా రిపోర్టు కాపీ ఇచ్చాను. తనకూ ఈ మార్పు ఉండొచ్చు. ఇప్పుడు పరీక్ష అక్కర్లేదు గానీ, ఎప్పుడైనా అజాథయోప్రిన్ గానీ, రక్త క్యాన్సర్‌కు వాడే మెర్కాప్టోప్యూరిన్ గానీ రాస్తే ముందు ఆ కాగితం చూపించమన్నాను.