వడ్డించేవాళ్ళు చాలామందే ఉన్నారు, పని తెలిసినవాళ్ళు కావాలి

మా నెల్లూర్లో అన్నదానానికి మనుషులు దొరకరనే మాటే లేదు. పుట్టినరోజని ఒకరు, పెళ్ళిరోజని ఒకరు, నాయన సంవత్సరీకమని ఒకరు, ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నా మేం కూడా వచ్చి వడ్డిస్తాం, యాడికి రమ్మంటారు" అని అడుగుతానే ఉంటారు, రొట్టెల పండగప్పుడైతే స్వర్ణాల చెరువు కాడ అన్నం పొట్లాలు, నీళ్ళ ప్యాకెట్లు పంచేదానికి జనం పోటీలు పడతారు. ఈ మంచితనం మీదే మా చిన్న ట్రస్టు నడస్తా ఉంది, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నాక గట్టిగా అర్థమయింది ఒకటుంది, అది చెప్దామనే ఈ పోస్టు.

ఆకలి తీర్చే పనిలో మాకు కొరత గరిటె పట్టుకునే చేతులకి కాదు. లెక్కలు రాసే మనిషి కావాలి, అన్నం తినొచ్చో లేదో తేల్చి చెప్పగలిగే మనిషి కావాలి, ఆటో ఏ దారిన పోతే మూడు హాస్టళ్ళకి టైముకి చేరుతుందో కాగితం మీద గీసి చూపించే మనిషి కావాలి, వార్డు సచివాలయంలో అర్జీ ఎట్టా పెట్టాలో, పెట్టింది ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోగలిగే మనిషి కావాలి. ఇట్టాంటోళ్ళు మన ఊర్లో లేరా అంటే బోలెడుమంది ఉండారు. కాకపోతే వాళ్ళు ఒక్కొక్కరుగా మన గుమ్మంలోకి నడిచి రారు, వాళ్ళు పనిచేసే సంస్థతో మన సంస్థ మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వస్తేనే వస్తారు, వచ్చినా నిలబడతారు.

ఫంక్షన్ హాళ్ళ సంగతి చూడండి. మాఘమాసం, శ్రావణమాసం ముహూర్తాలొస్తే ఊర్లో ఏ హాలు చూసినా పెళ్ళే. తెల్లారుజామున పొయ్యి వెలిగిస్తే పదకొండుకల్లా అన్నం దిగుతుంది, పంక్తులన్నీ అయ్యేసరికి మూడవుతుంది, పెళ్ళివాళ్ళు సర్దుకుని, మిగిలింది చూసుకుని, అయ్యో ఇంత అన్నం పారబోస్తామా అని మాకు ఫోన్ చేసేసరికి నాలుగున్నర. మేం ఆటో వేసుకుని పోయేసరికి ఐదు. గుండిగ మూత తీస్తే అన్నం పూలలాగే ఉంటుంది, వాసన కూడా ఏమీ రాదు. మరి అది పిలకాయల హాస్టలుకి పంపొచ్చా, వద్దా? ఎంత మంచి మనసున్నా ఈ ప్రశ్నకి జవాబు మనసులోంచి రాదు, ఆ చదువు చదివినవాళ్ళే చెప్పాలి.

ఆ చదువు చదివినవాళ్ళు మన జిల్లాలో ఎక్కడున్నారో తెలుసా, రొయ్యల ప్లాంట్లలో! నాకైతే ఇది తట్టినప్పుడు చాలా సంతోషమేసింది. మన రొయ్య అమెరికాకి, యూరప్‌కి పోవాలంటే చెరువు నించి కంటైనర్ దాకా ప్రతి చోటా టెంపరేచర్ రాయాలి, ఫ్రీజ్ చేసినాక మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలబెట్టాలి, ఎక్కడ తేడా వస్తే సరుకు పాడవుతుందో ముందే గుర్తుపట్టి అక్కడ కాపలా పెట్టాలి, దాన్నే వాళ్ళు హాసప్ అంటారు. క్వాలిటీ సెక్షన్లో చేసే పిల్లలకి ఇది రోజూ చేసే డ్యూటీ. అట్టా ఒక ప్లాంటు మేనేజ్‌మెంటుతో మాట్లాడి, వాళ్ళ క్వాలిటీ సెక్షన్ నించి ఒక చెల్లెల్ని నెలకో శనివారం సాయంత్రం మా కుర్రాళ్ళకి నేర్పించేదానికి పంపమని అడిగాం, పంపారు.

ఆ చెల్లెలు వచ్చి మొట్టమొదట చెప్పింది, వాసన చూసి అన్నం మంచిదని అనుకోవద్దన్నా అని. వండింది 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదంటే 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి, ఈ రెంటి మధ్యలో గంటలకొద్దీ ఉంటే బాక్టీరియాకి పండగే. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అని ఒకటుంటుందట, దాని బీజాలు ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి లేచి విషం వదుల్తాయి, ఆ విషం ఒకసారి చేరాక మళ్ళీ వేడిచేసినా పోదు. మనం "ఒకసారి వేడిచేసి పెట్టేద్దాం లే" అంటామే, అది అన్నిసార్లూ పనిచెయ్యదన్నమాట. ఇది విన్నాక మా పద్ధతే మారిపోయింది. ఇప్పుడు పెళ్ళి అయినాక వచ్చే ఫోన్ కోసం కాచుకోం, ముందురోజే వంట మాస్టరుకి మేమే ఫోన్ చేస్తాం, వడ్డన బకెట్లలోకి పోని అన్నం, గరిటె పెట్టని సాంబారు గుండిగ పక్కన పెట్టించి సెగ మీదే ఉంచమంటాం, ఒంటిగంటన్నరకే ఆటో హాలు దగ్గరుంటుంది. కొబ్బరి చట్నీ, పెరుగు కలిపినవి, చేపల పులుసు అసలు తీసుకోం. థర్మామీటరు పెట్టి చూసి, వచ్చిన నంబరు, టైము, హాలు పేరు, ఏ ఐటం అన్నది నోటుబుక్కులో రాసినాకే పాత్ర ఆటో ఎక్కుతుంది. మిగిలిన తిండిని సేకరించి పంచేవాళ్ళకి, తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేకంగా రూల్సే పెట్టింది, రిజిస్ట్రేషను, రికార్డులు అన్నీ అందులో ఉంటాయి, ఈ పనిలో ఉండే ప్రతి గ్రూపూ ఒకసారి అవి చదవాలి. పేదోళ్ళకే కదా అని ఏదైనా పెట్టేయడం తప్పు, మన ఇంట్లో పిల్లకి పెట్టనిది ఇంకొకరి పిల్లకి పెట్టకూడదు, నేను ఈ మాట దగ్గర మొహమాటపడను.

ఇది నా ఒక్కడి పిచ్చి కాదు, పెద్ద పెద్ద చోట్ల కూడా ఇట్టానే తేలింది. న్యూయార్క్‌లో ఫుడ్ బ్యాంక్ ఫర్ న్యూయార్క్ సిటీ అని పెద్ద సంస్థ ఉంది, దానికి టయోటా కంపెనీ డబ్బులు కాకుండా తన ఇంజినీర్లనే ఇచ్చింది, ఫ్యాక్టరీలో వాళ్ళు వాడే కైజెన్, అంటే పనిని కొంచెం కొంచెంగా మెరుగుపరుచుకుంటా పోయే పద్ధతి తెచ్చి అన్నం పెట్టే చోట వాడమని. హార్లెంలో ఒక కిచెన్ దగ్గర రాత్రి భోజనానికి జనం గంటన్నర దాకా లైన్లో నిలబడేవాళ్ళు, ఇంజినీర్లు కూర్చునే పద్ధతి, లోపలికి పంపే పద్ధతి మార్చినాక అది 18 నిమిషాలకి దిగింది. 2012లో శాండీ తుఫాను వచ్చినాక బాధితులకి పెట్టెలు సర్దుతుంటే ఒక్కో పెట్టెకి 3 నిమిషాలు పట్టేది కాస్తా 11 సెకన్లకి వచ్చింది, 2013లో ఈ వార్త పేపర్లలో వచ్చింది. అదే వంటిల్లు, అవే పెట్టెలు, మారింది పని చేసే తీరు. ఆ కంపెనీ ఒక చెక్కు రాసిచ్చి ఊరుకుని ఉంటే గంటన్నర లైను గంటన్నరగానే ఉండేది.

అమెరికా దాకా ఎందుకు, మన జిల్లాలోనే ఇంతకన్నా పెద్దది జరిగింది కదా. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక లాంటి స్వచ్ఛంద సంస్థలు కలిసి పనిచేశాయి, చదువు చెప్పడం తెలిసిన వాలంటీర్లు ఊరూరా రాత్రి బడులు పెట్టారు. ఆ బడుల్లో కూర్చున్న ఆడవాళ్ళు అక్షరాలతో పాటు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, 1992లో మన జిల్లాలోని దూబగుంట ఊర్లో సారా మీద తిరగబడ్డారు, 1993 అక్టోబర్లో రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. సర్కారు ఒక్కటే చేస్తే అయ్యేదా, సంఘాలు ఒక్కటే చేస్తే అయ్యేదా? పని తెలిసినవాళ్ళని జిల్లా మొత్తానికి చేర్చే ఏర్పాటు ఉంది కాబట్టే అయింది.

సరే, ఆ ఏర్పాటు ఎట్టా చేసుకోవాలి అంటే మాకు పనికొచ్చింది చెప్తా. ఎవరి దగ్గరికి పోయినా "మాకు వాలంటీర్లు కావాలండీ" అని అడగొద్దు, అట్టా అడిగితే ఆదివారం ఇరవైమంది టీషర్టులేసుకుని వచ్చి ఫోటో దిగి పోతారు. పని ఏందో ఒక్క కాగితం మీద రాయాలి. "మా బియ్యం, పప్పు స్టాకు ఇప్పుడు మూడు పుస్తకాల్లో ఉంది, దాన్ని ఒక ఎక్సెల్ షీటులోకి తెచ్చి, మా స్టోర్ చూసే అమ్మకి నేర్పించాలి, వారానికి రెండు గంటలు, ఆరు వారాలు, మా తరఫున జవాబు చెప్పే మనిషి ఫలానా, పని అయిపోయింది అనేదానికి గుర్తు ఇది" అని. ఈ కాగితం పట్టుకుని ఒక బ్యాంకు రిటైర్డ్ ఉద్యోగుల సంఘానికి పోతే కాసేపట్లోనే ఒక మేనేజరు గారు చెయ్యెత్తారు. ఆయన ఎన్నాళ్ళనించో ఏదన్నా చెయ్యాలని ఉండారంట, కానీ ఈ వయసులో బకెట్ మోయలేక ఆగిపోయారు. ఎంత అన్యాయం చూడండి, ముప్పై ఏళ్ళు లెక్కలు చూసిన మనిషికి మనం బకెట్ తప్ప ఇంకో పని చూపించలేకపోతే!

కాలేజీలైతే ఎన్ఎస్ఎస్ ఉండనే ఉంది, 1969 నించి నడుస్తున్న స్కీము, రెండేళ్ళలో 240 గంటలు పిల్లలు సేవ చెయ్యాలి. ఆ గంటలన్నీ మొక్కలు నాటడంలోనే అయిపోవాలా? కామర్స్ పిల్లలు లెక్కలు చూడొచ్చు, హోమ్ సైన్స్ పిల్లలు రేషన్ కిట్‌లో ఏం పెట్టాలో చెప్పొచ్చు. ప్రోగ్రాం ఆఫీసర్ గారితో ముందే కూర్చుని మాట్లాడుకోవాలి, పరీక్షల నెలలో మాత్రం ఒక్కరిని కూడా అడగొద్దు.

కంపెనీల విషయంలో ఒక తికమక ఉంది, అది విడదీసి చెప్పాలి. 2013 కంపెనీల చట్టంలో 135 సెక్షను కింద పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి ఖర్చుపెట్టాలి, షెడ్యూల్ 7లో మొట్టమొదటి లైన్లోనే ఆకలి, పేదరికం, పోషకాహార లోపం అని ఉంది. ఆ డబ్బు మన ట్రస్టుకి రావాలంటే ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళిచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, 2021 నించి సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. ఇదంతా డబ్బు లైను. ఉద్యోగుల టైము వేరే లైను, వాళ్ళు వచ్చి పనిచేసిన గంటలకి రేటు కట్టి ఆ 2 శాతంలో చూపించేదానికి కుదరదు. అందుకని రెంటినీ కలిపి ఒకే లెటర్లో అడిగితే ఆ లెటరు ఫైనాన్సు టేబుల్ మీదే పడుంటుంది. మనిషి కావాలంటే హెచ్ఆర్ దగ్గరికి పోవాలి, అక్కడ సంతకం పెట్టేదానికి డబ్బు అక్కర్లేదు, నమ్మకం చాలు.

ఇప్పటిదాకా మిగిలిన అన్నం గురించే చెప్పా, కానీ నా మనసు ఎక్కువగా ఉండేది వేరే చోట. యానాది గిరిజనుల కాలనీలకి పోయి చూడండి. ఒకరోజు బిర్యానీ పెట్టి వస్తాం, పిలకాయలు నవ్వుతారు, మనకి కడుపు నిండినట్టుంటుంది. రేపు? ఆహార భద్రత చట్టం 2013 ప్రకారం రేషన్ కార్డున్న మనిషికి నెలకి 5 కిలోల బియ్యం, మరీ పేదోళ్ళకిచ్చే అంత్యోదయ కార్డైతే ఇంటికి 35 కిలోలు రావాలి, 2023 జనవరి నించి అది ఉచితం కూడా. కానీ కార్డు లేదు. కార్డెందుకు లేదంటే ఆధార్ లేదు, ఆధార్ ఎందుకు లేదంటే పుట్టిన సర్టిఫికెట్ లేదు, ఊరు మారి చెరువుల కాడ కాపలాకి పోయిన కుటుంబానికి అడ్రస్ ప్రూఫ్ లేదు. కొంతమంది పెద్దోళ్ళకి కార్డుంటుంది, వేలిముద్రలు అరిగిపోయి మిషన్ మీద పడవు. ఇక్కడ ఆకలికి మందు బియ్యం కాదు, కాగితం. దానికి కావాల్సింది రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, లా చదివే పిల్లలు, ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ సచివాలయానికి వచ్చేవాళ్ళు. ఒక కుటుంబానికి కార్డు చేయించగలిగితే అది మేం ఏడాదంతా మోసుకుపోయే అన్నంకన్నా ఎక్కువ, నెలనెలా దానంతటదే ఇంటికొస్తుంది, ఎవరికీ చెయ్యి చాచక్కర్లేదు. ఈ పనికి ఫోటోలుండవు, చప్పట్లుండవు, అందుకే దీనికి మనుషుల్ని పంపే సంస్థంటే నాకు చాలా గౌరవం.

కలిసి పనిచేసేటప్పుడు గొడవలెక్కడ వస్తాయంటే ఎక్కువగా బ్యానర్ దగ్గర. ఎవరి పేరు పైన, ఎవరి లోగో పెద్దది అని. మేం మొదటి మీటింగులోనే ఇది తేల్చేస్తాం, తినేవాళ్ళ మొహాలు కనిపించే ఫోటోలు ఎవరూ పెట్టకూడదు, అందరి పేర్లూ అక్షరాల వరసలో. ఇంకోటి, పని తెలిసినవాళ్ళు ఎప్పటికీ ఉండిపోరు, ట్రాన్స్‌ఫర్లు, పెళ్ళిళ్ళు, అమ్మాయి కాన్పుకి అమెరికా, ఇవన్నీ ఉంటాయి. అందుకని వచ్చిన ప్రతి ఒక్కరూ వాళ్ళు చేసింది తెలుగులో రెండు పేజీలు రాసిపెట్టి పోవాలి, తర్వాత వచ్చే మనిషి అక్కడినించి ఎత్తుకుంటాడు. ఆ చెల్లెలు రాసిన థర్మామీటరు పేజీలు ఇప్పుడు ఒంగోలు మిత్రుల గ్రూపు దగ్గర కూడా ఉన్నాయి.

ఒంగోలు వాళ్ళతో మాట్లాడుతుంటే తెలిసింది, కనిగిరి, మార్కాపురం వైపు కథ ఇంకోరకం. వానల్లేక వయసులో ఉన్నోళ్ళు హైదరాబాదుకో బెంగళూరుకో పనులకి పోతారు, ఊర్లో ముసలోళ్ళు మిగుల్తారు. అక్కడికి పెళ్ళి భోజనం మోసుకుపోలేం, వండిపెట్టే ఓపిక కూడా వాళ్ళకుండదు. మా ఉదయగిరి వైపూ ఇంచుమించు అంతే. అక్కడికి రాగిపిండి, కందిపప్పు, వేరుశనక్కాయలు, బెల్లం లాంటివి నెలకోసారి చేరాలి, చేరినప్పుడు ఆ ముసలామె ఎట్టా ఉందో చూసే నర్సు కళ్ళు కూడా జతగా పోవాలి. రిటైరైన ఏఎన్ఎమ్ అక్కలు ఇద్దరు ముగ్గురు సరే అన్నారు. బండే సమస్య. పాల డైరీల వ్యాన్లు రోజూ ఆ ఊళ్ళన్నీ తిరుగుతాయి, ఖాళీగా పోయే ట్రిప్పులు కూడా ఉంటాయి, ఏ ఊరికి ఏ టైముకి పోవాలో ఆ రూట్లు వేసే మనుషులు డైరీల్లోనే ఉండారు.

మాకిప్పుడు కావాల్సింది అట్టాంటి మనిషి ఒకరు, నెలకి మూడు గంటలు చాలు, పని కాగితం రాసి రెడీగా పెట్టాం. మీరు డైరీలోనో, కొరియర్లోనో, లారీ ట్రాన్స్‌పోర్టులోనో పనిచేస్తుంటే రేపు ఆఫీసుకి పోయినప్పుడు ఇట్టాంటి లెటరు మీద సంతకం పెట్టేది ఎవరో ముందు కనుక్కోండి, ఆయన దగ్గరికి మేమే వస్తాం.