ఇసుకలో పండే రమిష్కు

పోర్చుగల్ వైన్ అంటే మనవాళ్లలో చాలామందికి తెలిసింది పోర్ట్ ఒక్కటే. నేను లిస్బన్ దగ్గరి సింత్రా అనే ఊళ్లో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో గిన్నెలు కడిగే పనితో మొదలుపెట్టి కూరగాయలు తరిగే దాకా ఎదిగాను, కాబట్టి నా వైన్ జ్ఞానమంతా టేబుళ్ల మీంచి వెనక్కి వచ్చే ఖాళీ సీసాల లేబుళ్లదే. వాటిలో అప్పుడప్పుడూ పొట్టిగా అర లీటరు సీసా ఒకటి కనిపించేది. ఊరు కొలారెష్, ద్రాక్ష రమిష్కు.

కొలారెష్ మాకు పక్కనే, సింత్రా నుంచి బీచికి వెళ్లే పాత ట్రాము దాని మీదుగానే పోతుంది. మా చెఫ్ బావమరిది తోటలో కోతకి మనుషులు చాలలేదంటే సెలవు రోజున నేనూ వెళ్లాను. పందిళ్లు ఉంటాయనుకున్నా, చూస్తే తీగలు ఇసుక మీద పాకుతున్నాయి. సముద్రపు గాలి అంత దారుణం మరి. దానికి అడ్డంగా ఎండు రెల్లు దడులు, రాతి గోడలు. కాయ పండే వేళకి గుత్తులు వేడి ఇసుకకి మాడిపోకుండా తీగ కింద చిన్న చిన్న పుల్లలు నిలబెట్టి ఎత్తుతారు. కొయ్యాలంటే మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. మధ్యాహ్నానికల్లా నడుం పట్టేసింది, జేబుల్లో చెవుల్లో కూడా ఇసుకే.

మాది చీరాల వైపు, ఇసుక నేల కొత్తేం కాదు, కానీ ఈ ఇసుక కథ వేరు. పంతొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా అనే వేళ్లు పీల్చే పురుగు అమెరికా నుంచి వచ్చి యూరప్ ద్రాక్షతోటల్ని ఊడ్చేసింది. ఆ దెబ్బకి దాదాపు అందరూ అమెరికా రకాల వేళ్ల మీద అంటు కట్టడం మొదలుపెట్టారు. ఈ ఇసుకలో మాత్రం ఆ పురుగు బతకలేదు, అందుకే రమిష్కు ఇప్పటికీ సొంత వేళ్ల మీదే నిలబడింది. అయితే నాటాలంటే అడుగున బంకమట్టి తగిలేదాకా, కొన్నిచోట్ల నిలువు లోతు దాటి, గొయ్యి తవ్వాలి. పక్కలు కూలి ఇసుకలో కూరుకుపోతే ఊపిరి అందాలని పాతకాలంలో కూలీలు తల మీద బుట్ట బోర్లించుకుని దిగేవారట. ఇప్పుడు టూరిస్టులకి ఈ ముక్క సరదాగా చెప్తారు గానీ దిగినవాడి టెన్షన్ వాడికే తెలియాలి.

సాయంత్రం ఆ తోట యజమాని, మా చెఫ్ బావమరిది, రెండు సీసాలు తెరిచాడు. రెండూ పల్చటి ఎరుపే. కొత్తది గుక్క వేయగానే జీడిమామిడి పండు కొరికినట్టు నాలుక, చిగుళ్లు పట్టేశాయి, పైగా పళ్లు పులిసేంత పులుపు. నిజం చెప్పాలంటే బాలేదు. పదేళ్లు దాటిన రెండోదీ అదే ద్రాక్ష అంటే నమ్మబుద్ధి కాలేదు, వగరు అణిగి, ఎండు చెర్రీ వాసన, ఆఖర్న కాస్త ఉప్పదనం. ఘాటు లేదు, ఆల్కహాల్ 12 శాతం దగ్గరే. వేయించిన పంది మాంసంతో ఆ పులుపు భలే కుదిరింది. ఎవరైనా కొనాలనుకుంటే పాతది దొరికితేనే కొనండి, లేదంటే కొని మర్చిపోండి.

కొలారెష్ పేరుతో వైన్ ఏ ప్రాంతంలో చెయ్యాలో 1908లోనే హద్దులు గీశారు, 1931లో పెట్టిన సహకార సంఘం ఇంకా నడుస్తోంది, తోటలే కరిగిపోయాయి. లిస్బన్ దగ్గర, సముద్రం కనిపించే స్థలం, అక్కడ ఇల్లు కడితే వచ్చే డబ్బు ద్రాక్ష ఏ జన్మకి ఇస్తుంది? ఆయన కొడుకు కూడా లిస్బన్‌లో ఆఫీసు ఉద్యోగమే. అయినా ఈయన ఇంకో మడి వేస్తాడట, తవ్వకానికి మెషిన్ పెట్టినా లోపల మనుషులు కావాలి, చలికాలంలో వస్తావా అని అడిగాడు. కూలి ఎంతిస్తారన్నాను. రెస్టారెంట్ కంటే ఎక్కువే చెప్పాడు.