ఈత రాలేదు

మా అమ్మాయి ఈత క్లాసులో చేరి రెండు వారాలైంది. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో వాళ్ల అమ్మమ్మకి కబుర్లు చెప్తూ, "అమ్మమ్మా, నాకు ఈత రాలేదు" అంది. అటు తెనాలిలో రాత్రి. పప్పుల డబ్బాకి ఫోన్ ఆనించి మర్నాటికి గోంగూర గిల్లుకుంటున్న మా అమ్మ తలెత్తి, "ఏంటే రాలేదు? బస్సా?" అంది.

నేను పక్కనుంచి అలవాటుగా సరిదిద్దాను. "రాలేదు కాదు నాన్నా, రాదు అనాలి. నాకు ఈత రాదు."

"ఎందుకు? నేర్చుకుంటున్నా కదా!"

తప్పు దానిదే, అందులో సందేహం లేదు. డాలస్ చుట్టుపక్కల పెరిగే మన పిల్లల తెలుగులో ఇలాంటివి రోజుకి పది దొర్లుతుంటాయి. నవ్వుకుని వదిలేస్తాం. ఈ ఒక్కటి మాత్రం నన్ను వదల్లేదు. తొమ్మిదేళ్ల పిల్ల అడిగిందాంట్లో న్యాయం ఉంది. మనకి విద్య ఏదైనా 'వస్తుంది'. ఈత వస్తుంది, వంట వస్తుంది, లెక్కలొస్తాయి. (జ్వరం కూడా అలాగే వస్తుందనుకోండి, అది వేరే సంగతి.) రాదు అన్నామంటే ఇక వీధి తలుపు వేసేసుకున్నట్టే. రాలేదు అంటే, ఇంకా గుమ్మంలో నిలబడి దారి చూస్తున్నట్టు. నేర్చుకుంటున్న పిల్లని తలుపు వేసుకోమని చెప్తున్నది నేనే.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక రూలు పెట్టాను. 'ఐ కాంట్' అనడానికి వీల్లేదని కాదు, అనొచ్చు. కానీ అదే మాట తెలుగులో మళ్లీ చెప్పాలి. ఇంగ్లీషులో ఆ ఒక్క ముక్కలో అన్నీ కలిసిపోతాయి. తెలుగులోకి వచ్చేసరికి ఏది ఏదో తేల్చుకోక తప్పదు. భిన్నాల లెక్క చేయలేకపోతే అది రాలేదు. ఫర్నిచర్ పెట్టె బరువుగా ఉంటే ఎత్తలేను. స్నేహితురాలి ఇంట్లో రాత్రి ఉండిపోతానంటే కూడదు, అదీ నేను వద్దన్నాను కాబట్టి. శనివారం పదింటికి రెండు క్లాసులుంటే కుదరదు. మొదట్లో విసుక్కునేది, తర్వాత అదో ఆటైపోయింది. ఏ రకం 'కాంట్' అయితే ఆ రకం మందు. రాలేదంటే పక్కన కూర్చుంటాను. ఎత్తలేనంటే రెండో వైపు పట్టుకుంటాను. కూడదన్న దాని మీద మాత్రం వాదన జరుగుతుంది, అన్నిసార్లూ నేనే గెలుస్తానని లేదు.

దాని స్కూలు గోడల మీద నువ్వు ఏదైనా చేయగలవని రంగురంగుల పోస్టర్లుంటాయి. పిల్లలకి ధైర్యం చెప్పడం మంచిదే. నాకు మాత్రం ఆ 'ఏదైనా' అన్న మాట దగ్గర గొంతుకి ఏదో అడ్డం పడుతుంది. కారణం ఉంది.

నేను 2009లో పెళ్లి చేసుకుని ఈ దేశం వచ్చాను. అంతకుముందు హైదరాబాద్‌లో మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. ఇక్కడ నాది భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే హెచ్4 వీసా. ఉద్యోగం చేయకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ఇంటికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే సలహా: "పాజిటివ్‌గా ఉండు, అనుకుంటే ఏదైనా చేయొచ్చు." చేయగలను, చేయాలని ఉంది, చేయనివ్వరు. ఇందులో నేను పాజిటివ్‌గా ఉంటే ఒరిగేదేముంది? మారాల్సింది రూలు. అది మారడానికి ఆరేళ్లు పట్టింది. 2015 మే 26 నుంచి హెచ్4 వాళ్లలో కొందరు, ముఖ్యంగా భర్తకో భార్యకో గ్రీన్‌కార్డు దారిలో కంపెనీ వేసే ఐ-140 పిటిషన్‌కి ఆమోదం వచ్చినవాళ్లు, పని అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. మా ఆయనకి అప్పటికే ఆమోదం వచ్చి ఉంది. ఐ-765 ఫారం నింపి పంపించి, రోజూ పోస్టు డబ్బా దగ్గరకి రెండుసార్లు వెళ్లొచ్చేదాన్ని.

తీరా పని అనుమతి కార్డు చేతికొచ్చాక అసలు సంగతి తెలిసింది. ఆరేళ్లు 'కూడదు' అని కూర్చున్నది మెల్లగా 'రాదు' అయిపోయింది. నేను వదిలేసిన రోజుల్లో కూర్చుని చేత్తో చేసిన టెస్టింగ్ ఇప్పుడు చాలావరకు ఆటోమేషన్. ఎవరిని కదిలించినా ఆ ఆటోమేషన్‌కి వాడే సెలీనియం, జావా అంటున్నారు. నాకు ఆ పేర్లు వినడం తప్ప ఏమీ తెలియదు.

ఒక కన్సల్టెన్సీ ఆయన ఫోన్ చేసి, "ఏముందమ్మా, రెజ్యూమెలో ఏడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టేద్దాం. ఇంటర్వ్యూలో నీ బదులు మాట్లాడటానికి ప్రాక్సీ ఉన్నాడు. ఉద్యోగంలో చేరాక రాత్రిపూట సపోర్ట్ ఇస్తాం. నేను చేయగలను అనుకోవాలి, అంతే" అన్నాడు. మనవాళ్లలో ఇదో రకం ఆత్మవిశ్వాసం. బయటివాళ్ల ముందు ఒప్పుకోం కానీ, అందరికీ తెలిసిందే. చేయగలను అనడం ఒకటి, చేసేశాను అనడం ఇంకొకటి. ఆయన మొదటి మాట చెప్తూ రెండోది అమ్ముతున్నాడు. నేనేమీ సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాదు. భయం వేసింది, అందుకే వద్దన్నాను.

దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం జావా క్లాసుకి చేరాను. చిన్నదానికి అప్పుడు మూడేళ్లు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి దాన్ని అందుకోగానే అదే కారులో నేను బయల్దేరేదాన్ని. పదకొండు చోట్ల కాదన్నారు. పన్నెండో చోట ఇంటర్వ్యూ చేసినావిడ సెలీనియం గురించి అడిగితే, "నేర్చుకుంటున్నాను, ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. టెస్ట్ కేసులు రాయడం మాత్రం బాగా వచ్చు, కావాలంటే ఇప్పుడే ఒకటి ఇవ్వండి" అన్నాను. లాగిన్ పేజీ ఒకటి ఇచ్చింది. ఇరవై నిమిషాల్లో ముప్ఫై నాలుగు కేసులు రాశాను. పాస్‌వర్డ్‌లో ఖాళీ ఉంటే ఏమవుతుంది, రెండు ట్యాబుల్లో తెరిస్తే ఏమవుతుంది, ఇలా. ఆరు నెలల కాంట్రాక్టు ఇచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఉద్యోగం సంగతి సరే, ఇంటి సంగతి వేరు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టుకుపోయింది. 16వ తేదీన డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు. 1949 తర్వాత ఇక్కడ అంత చలి లేదు. కరెంటు కాసేపు వచ్చి గంటలకొద్దీ పోయేది. దుప్పట్లు కప్పుకుని ముగ్గురం ఒకే గదిలో పడుకున్నాం. రెండు రోజులకి మంచు కరగడం మొదలవగానే గ్యారేజీ గోడలోంచి చప్పుడు, ఎవరో కుళాయి పూర్తిగా తిప్పేసినట్టు. గోడలో పైపు పగిలింది.

ఇంట్లో ఇద్దరం ఇంజనీర్లం. ఆయనైతే మెకానికల్. నీళ్లు ఎక్కడ ఆపాలో ఇద్దరికీ తెలియదు. ప్లంబర్లెవరూ ఫోనెత్తడం లేదు, ఊరంతటికీ అదే అవసరం. పక్కింటి పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, పొడుగాటి ఇనుప తాళంచెవి ఒకటి పట్టుకుని వచ్చాడు. రోడ్డు పక్కన గడ్డిలో, నేను పుష్కరం నుంచి రోజూ చూస్తున్న మూతల్లాంటిది ఒకటి ఎత్తాడు. కింద బురదనీళ్లలో మీటరు, దాని పక్కన వాల్వు. ఆయన తిప్పలేదు. తాళంచెవి నా చేతికిచ్చి, చేతులు కోట్ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. వాల్వు కొస పైపుకి అడ్డంగా తిరిగితే నీళ్లు ఆగినట్టని చెప్పాడు. బిగుసుకుపోయి కదల్లేదు. రెండోసారి ఒళ్లంతా బరువు వేసి తిప్పితే పావు చుట్టు తిరిగింది, గ్యారేజీలో చప్పుడు ఆగిపోయింది.

ఎనిమిదేళ్ల మా అమ్మాయి టార్చి పట్టుకుని పక్కనే ఉంది. "నువ్వు లోపలికెళ్లి చదువుకో" అని అంతకు అయిదు నిమిషాల ముందే అన్నాను. అది కదల్లేదు, నయం. ఆ మాట నాది కూడా కాదు, మా నాన్నది. చిన్నప్పుడు నేను ఫ్యాను రెగ్యులేటర్ విప్పబోతే, "నీకెందుకమ్మా ఇవన్నీ, వెళ్లి చదువుకో. ఎలక్ట్రీషియన్‌ని పిలుద్దాం" అనేవారు. ప్రేమే, కాదనను. చదువు తప్ప ఇంకేదీ మన పని కాదని అలా పెంచారు మమ్మల్ని. చేతకాదు అన్న మాటలో చెయ్యి ఉందని నాకు ఆ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు తోచింది.

తర్వాత ఫ్లష్ ట్యాంకులో రబ్బరు మూత పాడైతే మార్చింది మా అమ్మాయే. మొదటిసారి గొలుసు పొడుగు వదిలేసింది, అది మూత కింద ఇరుక్కుని రాత్రంతా నీళ్లు కారాయి. పొద్దున చూసి రెండు లంకెలు కుదించింది. వాళ్ల నాన్న మెచ్చుకుంటూనే నీళ్ల బిల్లు గురించి సణిగారు.

ఇదంతా చదివి మాది ఏ పనికైనా సై అనే ఇల్లనుకోకండి. ఒక ఏడాది ఆ ఉత్సాహంలో వయొలిన్, కూచిపూడి, లెక్కల పోటీ, తెలుగు బడి అన్నీ పెట్టాను. ఆదివారం రాత్రి అది భోజనం పళ్లెం ముందు ఏడుస్తూ, "రాలేదు కాదమ్మా, కుదరదు" అంది. నేను నేర్పిన మాటే. సోమవారం వయొలినూ లెక్కల పోటీ మానిపించాను.

ఇక ఈత. తెనాలి ఊరి మధ్యలోంచి మూడు కాలవలు పోతాయి. వేసవి సెలవుల్లో మగపిల్లలు వంతెన మీద నుంచి దూకుతుంటే నేను గట్టు మీద వాళ్ల చెప్పులకి కాపలా ఉండేదాన్ని. ఒకసారి దిగబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, "ఆడపిల్లకి ఈతెందుకే" అంది. పదేళ్లప్పటి ఆ కూడదు, ముప్ఫై తొమ్మిదేళ్లకి నాకు ఈత రాదు అయింది. ఇన్నాళ్లూ ఎవరడిగినా అదే చెప్పాను, అదేదో పుట్టుకతో వచ్చిన లక్షణమన్నట్టు.

'రాలేదు' గొడవ జరిగిన వారంలోనే రిక్రియేషన్ సెంటర్‌లో పెద్దవాళ్ల క్లాసుకి పేరిచ్చాను. ఆరుగురం, అందులో నలుగురు మనవాళ్లే. పాఠం చెప్పేది కాలేజీ చదివే పిల్ల. మొదటి రోజంతా ముఖం నీళ్లలో పెట్టి బుడగలు ఊదడం. రెండో రోజు వెల్లకిలా తేలడం. ఆ పిల్ల వీపు కింద చెయ్యి పెట్టి ఒళ్లు వదిలెయ్యమంటుంది. నా మెడ మాత్రం కర్రలా లేస్తుంది, లేవగానే నడుం మునిగిపోతుంది. పక్క లైన్లోంచి మా అమ్మాయి చూసి, "అమ్మా, నువ్వు నీళ్లతో కొట్లాడుతున్నావు" అంది. ముక్కులోకి నీళ్లు పోయి ఉన్నాను, లేకపోతే ఏదో ఒకటి అనేదాన్నే.

ఆగస్టు చివరికి అది ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా వెళ్లింది. నేను నురగ పలక పట్టుకుని సగం దాకా.

ఆ ఆదివారం ఫోన్‌లో మా అమ్మ, "దానికి వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందమ్మా."

"మరి నీకు?"

"నాకింకా రాలేదు."

ఈసారి బస్సా అని అడగలేదు. ఏదో ఆకు ఏరుతున్న చెయ్యి ఆగింది. "మన కాలవలో ఇప్పుడెవరూ దిగడం లేదులే, అంతా గుర్రపు డెక్క" అంది. కాసేపాగి, "తల సరిగ్గా తుడుచుకో, జలుబు చేస్తుంది" అని ఫోన్ పెట్టేసింది.