నూరేళ్ళా, కోటేళ్ళా

మా అమ్మ ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ "చల్లగా ఉండండి తల్లీ" అంటుంది. పోయిన డిసెంబరులో ఒకరోజు అలా అనగానే, స్వెట్టర్ మీద దుప్పటి కూడా కప్పుకుని కూర్చున్న మా పదకొండేళ్ళ అమ్మాయి, "అమ్మమ్మకి ఇక్కడ ఎంత చలో తెలీదా? ఇంకా చల్లగా ఉండమంటుందేంటి?" అని అడిగింది. వేళాకోళం కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. ఎండలు మండిపోయే ఊళ్ళలో పుట్టిన దీవెన అమ్మా అది, నీడ పట్టున ఉండమని, ఏ సెగా నీ దాకా రాకూడదని కోరుకోవడం అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి మావుసీ కోటి అంటుందిగా, అదే బాగుంది" అంది.

మావుసీ అంటే మా పక్కింటావిడ. పిల్లలు దణ్ణం పెడితే "కోటి పరమాయు హేఉ" అని తల నిమురుతుంది, కోటేళ్ళ ఆయుష్షు అన్నమాట. మా అమ్మ ఇచ్చేది నిండు నూరేళ్ళే. పిల్ల లెక్కలో మావుసీయే ఎక్కువ ఇస్తోంది.

మేముండేది ఒడిశాలోని రాయగడలో. మాది విజయనగరం, పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి అమ్మ దగ్గరుంటాం. అమెరికాలో ఉన్న చుట్టాలు "మీదీ ఒక ప్రవాసమేనా" అంటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే దాకా ఈ ఊరు కూడా విశాఖపట్నం జిల్లాలోదే, బజారులో తెలుగు వినపడని రోజుండదు. అదంతా నిజమే. కానీ బళ్ళో ఒడియా, వీధిలో ఒడియా, ఆఖరికి నిద్రలో కలవరించినా ఒడియాయే అయితే, ఆ పిల్ల తల్లికి ఎంత టెన్షన్‌గా ఉంటుందో దూరంతో కొలిస్తే తెలియదు.

పండగలప్పుడు ఇది ఇంకా బాగా కనపడుతుంది. ఆశ్వయుజ పౌర్ణమికి ఇక్కడి ఆడపిల్లలు కుమార పూర్ణిమ చేసుకుని, కుమారస్వామి లాంటి మొగుడు రావాలని చంద్రుణ్ణి కోరుకుంటారు. సరిగ్గా మూడో రోజు మన అట్లతద్ది, ఆ కోరికే, ఆ చంద్రుడే. మా అమ్మాయి రెండూ చేస్తుంది. ఏం కోరుకున్నావని అడిగితే చెప్పలేదు, మొగుణ్ణి మాత్రం కాదంది. నేనూ రెట్టించలేదు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ప్రథమాష్టమి. వాళ్ళ నెల పౌర్ణమితో ముగుస్తుంది కాబట్టి మార్గశిరం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది, ఆ నెలలో మొదటి అష్టమి, అంటే మన లెక్కన కార్తీక బహుళ అష్టమి. ఆ రోజు ఇంట్లో మొదటి సంతానానికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, బొట్టు పెట్టి, దీపంతో హారతిచ్చి ఆయుష్షు కోరుకుంటారు. ఆ బట్టలు మేనమామ ఇంటి నుంచి రావాలి. మొదటిసారి మావుసీ "మామ ఇంటి నుంచి బట్టలు వచ్చాయా?" అని అడిగినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. మా అన్నయ్యకి ఫోన్ చేసి పండగ వివరమంతా చెప్పబోతుంటే మధ్యలోనే ఆపి, "మేనమామ పెట్టాలన్నావు కదా, ఇంకేం చెప్పక్కర్లేదు" అన్నాడు. మర్నాడు రైల్లో తెలిసినవాళ్ళ చేత గౌను పంపాడు.

ఆ పండక్కి వండే ఎండురి పిఠా చేయడం మావుసీయే నేర్పింది. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిని పచ్చి పసుపు ఆకు మీద పరిచి, మధ్యలో కొబ్బరీ బెల్లం పెట్టి, ఆకుని మడిచి ఆవిరి మీద ఉడికిస్తారు. మూత తీయగానే వంటిల్లంతా పసుపు ఆకు వాసన. ఆకు వలుస్తుంటే దాని ఈనెలు పిఠా మీద గీతలుగా అచ్చుపడి ఉంటాయి, మా పిల్లలు తినే ముందు ఆ గీతలు లెక్కపెడతారు.

పోయినేడు అలా లెక్కపెడుతూనే మా ఏడేళ్ళ వాడు "అక్కకే ఎందుకు? నేను ఎక్కువ రోజులు బతకాలని ఎవరూ కోరుకోరా?" అన్నాడు. గొంతు పూడుకుపోయింది వాడికి. నాకు గుండె కలుక్కుమంది. నాగుల చవితికి నేను ఉపవాసం ఉండి పుట్టలో పాలు పోసేది ఇద్దరి కోసమూ అని చెప్పాను. "అది నాకు తెలీదుగా, నువ్వెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. నిజమే, చెప్పలేదు. పాలు పోసి, చెవులకి పుట్టమన్ను రాసి, చలిమిడి చేతిలో పెట్టానే గానీ, ఎవరి కోసం ఏం అడుగుతున్నానో ఒక్కసారీ వాళ్ళకి వినపడేలా అనలేదు. మావుసీ కోరిక పైకి అంటుంది, అందుకే పిల్లలకి అందింది.

ఆదివారాలు నేను వాళ్ళ చేత తెలుగు అక్షరాలు దిద్దిస్తాను, ఇద్దరూ విసుక్కుంటారు. తెలుగు బతకాలనీ సంస్కృతి నిలబడాలనీ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అసలు నేను కోరుకునేది అంతకంటే చిన్నది: మా అమ్మ చల్లగా ఉండమన్నప్పుడు వీళ్ళకి ఆ మాట లోపలికి దిగాలి. పెళ్ళయిన నాలుగేళ్ళకి కూడా పిల్లలు లేకపోతే మజ్జిగౌరి అమ్మవారికి మొక్కుకున్నాను, ఒక బిడ్డనిమ్మనే అడిగాను, వాళ్ళు ఏ భాషలో కలలు కనాలో అప్పుడు నేను అడగలేదు.

ఆ ప్రథమాష్టమి రాత్రి అక్కకి హారతిచ్చిన పళ్ళెమే తీసి, వాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ వెలిగించాం. పద్ధతి కాదేమో, మావుసీని అడగలేదు. కర్పూరం పొగకి వాడు గట్టిగా తుమ్మాడు. "నూరేళ్ళు" అన్నాను అలవాటుగా. అక్క పక్కనుంచి "కోటి" అంది. వాడు ముక్కు తుడుచుకుంటూ "రెండూ కావాలి" అన్నాడు.