ఏ రకం పుస్తకం అది?

“దెయ్యాల నవలలు కూడా పుస్తకాలేనా?” అంది మధ్యాహ్నం వదిన. అదీ మా చిన్నవాడి ముందు. వాడు అప్పుడే బీరువాలోంచి ‘తులసిదళం’ తీస్తున్నాడు, ఆ మాట వినగానే లోపల పెట్టేశాడు. భోజనాల వేళ కదా అని నేను నోరు మెదపలేదు. ఇప్పుడు నిద్ర రావడం లేదు.

వదిన సంగతి మీకు తెలిసిందే. అమలాపురం నుంచి చించినాడ వంతెన దాటి వచ్చినప్పుడల్లా చదవడానికి ఏదైనా ఇమ్మంటుంది. తీసి ఇవ్వబోతే ముందు దాని జాతకం చెప్పాలి. హాస్యమా, డిటెక్టివా, ప్రేమకథా? చివర్లో ఎవరైనా చచ్చిపోతారా? పోయినసారి ‘బారిస్టర్ పార్వతీశం’ ఇస్తే “నవ్వుల పుస్తకం, పిల్లలకు” అని పేజీ తిప్పకుండానే పక్కన పెట్టింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రి గారు రాసిన ఆ మొదటి భాగాన్ని నేను ఎవరికైనా ఇస్తాను. మన పక్కనున్న మొగల్తూరు కుర్రవాడు ఇంట్లో చెప్పకుండా సీమకు, అంటే ఇంగ్లండుకు, బయలుదేరతాడు. ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న చోట నేనూ పగలబడి నవ్వాను. కానీ భాష రాక, అడగడానికి మనవాళ్లు లేక అతను తికమకపడుతుంటే, హైదరాబాదు హాస్టల్లో దింపి వచ్చిన రోజు మా పెద్దవాడి ముఖం ఎలా ఉందో అదే కళ్ల ముందుకొస్తుంది. దాన్ని నవ్వుల పుస్తకమని తీసి పక్కన పెడితే ఎలా?

ఇక ‘తులసిదళం’. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ గారి నవల, వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. నేను చదివింది పెద్దమ్మ కుట్టిన ప్రతి. ఆవిడ సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, వరసలో పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసేది. కథ కాని చోట సగం వంటకం, సగం జోకు, ఏదో సబ్బు ప్రకటన. నడుమ కొన్ని వారాలు లేవు. ఎవరో పత్రిక పట్టుకెళ్లి తిరిగి ఇవ్వలేదట. ఆ భాగం పెద్దమ్మ చేటలో బియ్యం ఏరుతూ నోటితో చెప్పేది. ఒక్కోసారి ఒక్కోలా చెప్పేది. చేతబడి దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించి, చేట కింద పెట్టేది. సాయంత్రం దొడ్లోకి వెళ్లాలంటే నాకు తోడు కావాల్సి వచ్చేది. దారిలో నిమ్మకాయ కనిపిస్తే చాలు, పక్క వీధి నుంచి తిరిగి వచ్చేదాన్ని. చాలా కాలానికి అచ్చు పుస్తకం కొని చదివాను. ఆ తప్పిపోయిన భాగం పెద్దమ్మ చెప్పినంత భయపెట్టలేదు. కానీ అప్పటికి చిన్నవాడు చంకలో ఉన్నాడు, జ్వరం తగ్గక నానా యాతన పడుతున్న రోజులు. ఈసారి నిమ్మకాయలు, ముగ్గులు నన్నేమీ చేయలేదు. కళ్ల ముందే తమ పాప ఏమైపోతోందో తెలియక కథలో ఆ తల్లీ తండ్రీ పడే బాధ దగ్గర పుస్తకం మూసేశాను. ఇది దెయ్యాల నవల అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు ఒళ్లు మండదా?

ఇకమీదట వదినకు పుస్తకం ఇవ్వనని రాద్దామనే కూర్చున్నాను. రాస్తుంటే మనసు మారుతోంది. వాళ్ల అత్తగారు మంచం పట్టినప్పటి నుంచి రాత్రుళ్లు మేలుకుని ఉండేది ఆవిడే. చివర్లో ఎవరైనా చచ్చిపోతారా అని ఆవిడ ఊరికే అడగడం లేదు. మందు వేళకు లేవాల్సిన మనిషి, ఆ నడుమ గంటలో ఏం చదివితే గుండె దిటవుగా ఉంటుందో అడుగుతోంది. అలా అడిగితే నేను చెప్పకపోవడం న్యాయం కాదు.

చిన్నవాడి ముందు అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. రేపు పొద్దున్న వాడిని కూర్చోబెట్టి ‘తులసిదళం’ చదివి వినిపిస్తాను, మధ్యలో ఆ తప్పిపోయిన వారాలు పెద్దమ్మ చెప్పినట్టే చెబుతాను.

వదినకు శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ పంపుతాను. పొలమూరులో పుట్టిన మనిషి రాసిన కథ, మాటలన్నీ మన ఇళ్లలోవే. పైగా ఏ డిటెక్టివ్ నవలకూ తీసిపోని బిగువు. కథేమిటని ఫోను చేస్తే, చదరంగం ఆట అని చెబుతాను, చావు భయం పెట్టుకోవద్దని కూడా చెబుతాను. పందెం ఏమిటో మాత్రం ఎంత అడిగినా చెప్పను.