ట్రెజర్ ఐలాండ్, మన తొమ్మిదో తరగతి

మన ఇంగ్లీషు మాస్టారు అనగానే చాలామందికి ఆయన గ్రామర్ క్లాసులు గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన సిలబస్‌కి బయట చదివించిన నవల గుర్తొస్తుంది. రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ రాసిన ‘ట్రెజర్ ఐలాండ్’. ఇవాళ నాకొచ్చిన ఇంగ్లీషుకి మొదలు ఆ పుస్తకమే. నేను ఇంగ్లీషు టీచర్ని అయ్యానంటే దానికీ అదే కారణం. విశాఖలోని మన బడి పూర్వ విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీవాళ్ళు ఫోన్ చేసినప్పుడు వేరే విషయం కోసం వెతుక్కోలేదు.

మనది తెలుగు మీడియం. కొత్త మాటలు నేర్చుకోవడం అంటే నోట్సులో గీత గీసి, ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క తెలుగు రాసుకుని బట్టీ పట్టడం. పరీక్ష అయ్యాక అవి ఎక్కడికి పోయేవో తెలీదు. మాస్టారు తొమ్మిదిలో ఆ గీత తీసేశారు. లైబ్రరీ బీరువాలో ఈ నవల ప్రతులు బెంచీకి ఒకటి వచ్చేటన్ని ఉండేవి. అసలు నవల కాదు, పిల్లల కోసం కుదించి తేలిక మాటల్లో రాసిన పుస్తకం. ఆయన పెట్టిన నియమం ఒకటే. తెలియని మాట కింద పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకు పోవాలి, అధ్యాయం పూర్తయ్యేదాకా డిక్షనరీ ముట్టుకోకూడదు. అధ్యాయం అయ్యాక చుక్క పడ్డ మాటలన్నీ బోర్డు మీదకి వచ్చేవి. ఒక్కొక్కరూ తమకి తోచిన అర్థం చెప్పాలి. చెప్పగానే “ఎందుకలా అనుకున్నావు?” అని అడిగేవారు. కథలో ఏ వాక్యం చూసి అనుకున్నామో వేలు పెట్టి చూపించాలి. అదంతా అయ్యాకే శంకరనారాయణ డిక్షనరీ తెరిచేవారు.

ఆ “ఎందుకు” అన్న ప్రశ్నే మాకు చదవడం నేర్పింది. అర్థం తప్పయినా ఆయన ఏమీ అనేవారు కాదు. కారణం చెప్పలేకపోతే మాత్రం మళ్ళీ ఆ పేజీ చదివించేవారు.

పుస్తకం ఎంచుకోవడంలో కూడా ఆయన ఆలోచన ఉంది. పోర్టు, షిప్‌యార్డు, నేవీ, చేపల జట్టీ, వీటిలో ఏదో ఒకదాని మీద బతికే ఇళ్ళ నుంచే మన బడికి పిల్లలు ఎక్కువ వచ్చేవారు. మేడ మీద నిలబడితే డాల్ఫిన్ నోస్ కొండ కిందుగా ఛానెల్‌లోకి వచ్చే ఓడలు కనిపించేవి. ఓడ, నిధి, ద్వీపం ఉన్న కథ ఇస్తే ఈ పిల్లలు వదలరని ఆయన నమ్మకం. స్టీవెన్‌సన్ వంశం వాళ్ళు స్కాట్లండ్‌లో లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజినీర్లని మొదటి రోజే చెప్పి, కొండ మీది లైట్‌హౌస్ వైపు చూపించారు. 1881లో స్టీవెన్‌సన్ తన భార్య కొడుకుతో కాలక్షేపానికి ఒక ద్వీపం మ్యాపు గీశాడట. కథ ఆ మ్యాపులోంచే పుట్టింది. ముందు పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చి, 1883లో పుస్తకమైంది. ఇది మన ఈడు పిల్లల కోసమే రాసిన నవల అని తెలిశాక మా భయం సగం పోయింది.

కొన్ని మాటలు ఎలా పట్టుబడ్డాయో చెప్పాలి. బెన్ గన్ అనేవాడు ద్వీపంలో ఒంటరిగా ఉంటూ చేసుకున్న చిన్న పడవ ఒకటి కథలో వస్తుంది. ‘కొరకిల్’ అని దాని పేరు. పెదజాలారిపేట నుంచి వచ్చే మా క్లాసు కుర్రాడు వెంటనే “తెప్ప అండీ” అన్నాడు. వాళ్ళ నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. మాస్టారు కాదనలేదు, అవుననలేదు. “చూద్దాం, చదవండి” అన్నారు. తర్వాతి వాక్యాల్లో అది కర్రల చట్రం మీద మేకతోలు కప్పి చేసినదని వచ్చింది. తెప్పంటే దుంగలు పక్కపక్కన చేర్చి కట్టినది కదా, తోలెందుకుంటుంది? ఆ కుర్రాడే లేచి “తెప్ప కాదండీ, వేరేది” అన్నాడు. ఇంకాస్త చదివితే, అది ముందుకి పోకుండా గిర్రున తిరుగుతోందని ఉంది. అప్పుడు మాస్టారు కృష్ణలోనూ తుంగభద్రలోనూ తిరిగే పుట్టి అనే గుండ్రటి పడవ గురించి చెప్పి, బోర్డు మీద బొమ్మ వేశారు. మాలో చాలామంది పుట్టి చూడలేదు. అయినా మేకతోలు, గిర్రున తిరగడం, బొమ్మ, ఇన్ని తోడయ్యాక ఆ మాట ఎక్కడికి పోతుంది?

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం వేరే ఉంది. కథ చెప్పే కుర్రాడు జిమ్ హాకిన్స్ రాత్రిపూట ఆ చిన్న పడవలో హిస్పానియోలా ఓడ దగ్గరకి ఒంటరిగా వెళ్ళి లంగరు తాడు కోసేస్తాడు. ఓడ దొంగల చేతిలో ఉంది. తాడు తెగితే అది కొట్టుకుపోయి ఒడ్డెక్కుతుందని వాడి ఆలోచన. ఈ ఒక్క అధ్యాయం మాస్టారు అసలు నవలలోంచి చదివి వినిపించారు. అందులో లంగరు తాడుకి ‘హాసర్’ అని ఉంది. అది ‘టాట్’గా ఉందని, వింటి నారిలా ఉందని రాశాడు. జిమ్ కత్తి తీస్తాడు గానీ వెంటనే కోయడు. అలా ఉన్న తాడుని ఒక్కసారిగా కోస్తే, తన్నే గుర్రం దగ్గరకి పోయినంత ప్రమాదమని ఆగిపోతాడు. గాలి మారి ఓడ కాస్త ఇటు జరిగినప్పుడు తాడు ‘స్లాక్’ అవుతుంది. పట్టుకున్న చెయ్యి నీళ్ళలో మునుగుతుంది. అప్పుడు ఒక్కో పేట కోస్తాడు. రెండు పేటలు మిగిలాక ఓడ బరువుకి తాడు మళ్ళీ బిగుసుకుంటుంది. మళ్ళీ ఆగుతాడు.

మా నాన్న పోర్టులో ఓడల్ని తాళ్ళతో జట్టీకి కట్టే గ్యాంగులో పనిచేసేవారు. ఆయనకి ఇంగ్లీషు రాదు. ఆ రాత్రి అన్నాలు తింటుంటే ఈ కథంతా చెప్పాను. “ఆ కుర్రోడు ఆగి మంచి పని చేశాడమ్మా” అన్నారు వెంటనే. “బిగిసిన తాడు ఎదర ఎవడూ నిలబడకూడదు. తెగిందంటే వెనక్కి కొడద్ది, కాళ్ళు తీసేద్ది.” తర్వాత చేతులు కడుక్కొచ్చి, దండెం తాడు విప్పి కిటికీ ఊచకి కట్టి, లాగి పట్టుకుంటే ఎలా ఉంటుందో, వదులు చేస్తే ఎలా ఉంటుందో చూపించారు. బిగిసిన తాడు మీద వేలితో మీటించారు. ఓడ కదిలే కొద్దీ జట్టీ మీద తాళ్ళు అలాగే బిగుస్తూ వదులవుతూ ఉంటాయని, వాటిని కనిపెట్టుకుని ఉండడమే తమ పనని చెప్పారు. మర్నాడు మాస్టారితో చెబితే, అదంతా నాచేత క్లాసు ముందు చెప్పించారు. టాట్, స్లాక్ అన్న మాటలు ఇప్పుడు ఎక్కడ కనబడినా నా వేలికి ఆ తాడు తగులుతుంది. మా నాన్న పని ఎంత ప్రమాదమైనదో నాకు తెలిసింది కూడా ఆ రాత్రే.

‘మ్యూటినీ’ అనే మాట మరోలా వచ్చింది. ఓడలో వంటవాడిగా చేరిన ఒంటికాలి లాంగ్ జాన్ సిల్వర్ తిరుగుబాటుకి కుట్ర పన్నుతుంటే, ఆపిల్ పీపాలో దాక్కున్న జిమ్ వింటాడు. అందరం అర్థం సులువుగానే పట్టాం. మాస్టారు అక్కడితో వదల్లేదు. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైన భారత నావికుల తిరుగుబాటు మన విశాఖ దాకా వచ్చిందని, దాన్ని కూడా ఇంగ్లీషులో ఇదే మాటతో పిలిచారని చెప్పారు. సిల్వర్ ముఠా బంగారం కోసం తిరగబడింది. ఆ నావికులు చెడ్డ తిండి మీద, తెల్ల ఆఫీసర్ల అవమానాల మీద తిరగబడ్డారు. రెండింటికీ ఒకే మాట ఎందుకు వాడారో ఆలోచించి రాయమన్నారు. అది నేను ఇంగ్లీషులో సొంతంగా రాసిన మొదటి పేజీ.

ఓడ మాటలు పరీక్షల్లో పనికిరావని అప్పట్లో కొందరు తల్లిదండ్రులు అన్నారు. నిజమే, హాసర్ ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు. కానీ వాటి వెంట ఇంకెన్నో మాటలు వచ్చాయి. అనుమానం, జంకు, ఆశ్చర్యం, నమ్మకద్రోహం, దురాశ, ఊరట వంటివాటికి ఇంగ్లీషు మాటలు ప్రతి అధ్యాయంలోనూ వస్తాయి. మొదటిసారి చుక్క పెట్టాం, మూడోసారికో నాలుగోసారికో చుక్క అక్కర్లేకపోయింది. సిల్వర్ ఎలాంటివాడో రాయమంటే ఒక్క మాటతో సరిపోదు. తియ్యగా మాట్లాడతాడు, ధైర్యం ఉంది, జిమ్ అంటే ఇష్టమూ ఉంది, అవసరమైతే ఎవర్నైనా అమ్మేస్తాడు. అలాంటి మనిషిని వర్ణించాల్సి వచ్చినప్పుడు మాటల కోసం మేమే వెతుక్కున్నాం.

టీచర్నయ్యాక తెలిసింది, మాస్టారు చేసినదానికి పరిశోధనలో కూడా ఆధారం ఉందని. మాటల నేర్పు మీద పనిచేసిన పాల్ నేషన్ లాంటివాళ్ళు చెప్పేదేమిటంటే, ఎవరి సాయం లేకుండా ఒక కథ హాయిగా అర్థం కావాలంటే అందులో నూటికి సుమారు 98 మాటలు ముందే తెలిసి ఉండాలి. అంటే 50 మాటలకి ఒక్కటే కొత్తది. అసలు నవల తొమ్మిదో తరగతి తెలుగు మీడియం పిల్లల చేతిలో పెడితే పేజీ అంతా చుక్కలే అయ్యేది. అందుకే కుదించిన పుస్తకం, అందులోనూ మాస్టారి తోడు. తేలిక పుస్తకం ఇస్తే పిల్లలు ఎదగరని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అసలు నవల నేను కాలేజీ రోజుల్లో ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివాను. ఆ తేలిక పుస్తకం లేకపోతే దాని జోలికే పోయేదాన్ని కాదు.

ఒక్క విషయంలో నా పద్ధతి వేరు. నండూరి రామమోహనరావు గారు ఈ నవలని ‘కాంచన ద్వీపం’ పేరుతో తెలుగులోకి తెచ్చారు. మాస్టారు దాన్ని ఇంగ్లీషు పూర్తయ్యాకే చేతికిచ్చేవారు. నేను మాత్రం వెనకబడ్డ పిల్లలకి ముందే తెలుగు ఇస్తాను. కథ తెలిసిన పిల్లలకి ఇంగ్లీషు మాట ఊహించే ధైర్యం వస్తుంది. ఫోన్‌లో వేలు పెడితే అర్థం కనిపించే ఈ రోజుల్లో ఊహించే ఓపిక అలవాటు చేయడమే నాకు కష్టంగా ఉంది. చుక్క పద్ధతి మాత్రం నా క్లాసులో నేటికీ నడుస్తోంది.

చివరగా మన బ్యాచ్‌లన్నిటికీ ఒక మాట. బడి లైబ్రరీకి పుస్తకాలిద్దామని అందరూ అంటున్నారు, సంతోషం. రకానికి ఒకటి చొప్పున వంద పుస్తకాలు కొనే బదులు, ఒకే నవల 25 కాపీలు కొందాం. అలాంటివి నాలుగు నవలలు చాలు. క్లాసంతా ఒకే పేజీ మీద ఉంటేనే “ఎందుకలా అనుకున్నావు?” అని అడగడం కుదురుతుంది. ‘ట్రెజర్ ఐలాండ్’ కుదించిన ప్రతులు 25, వాటితో పాటు దొరికితే ‘కాంచన ద్వీపం’ రెండు ప్రతులు నా వంతు. మిగతా మూడు నవలలు ఏవో కమిటీ సమావేశంలో ఇప్పుడు పాఠాలు చెబుతున్న టీచర్లనే అడుగుదాం. పెన్సిళ్ళు కూడా డబ్బాలకొద్దీ తీసుకోవాలి.