ఆరు గదులూ కళ్లకు కనపడే తుపాకీ

2021 అక్టోబరులో ఒక రాత్రి మా తోట ఇంటి బయట కుక్కలు ఒకటే మొరుగుడు. టైం ఒకటిన్నర అయ్యుంటుంది. మాది పొదలకూరు పక్కన ఒక పల్లె. ఊరికి అర కిలోమీటరు ఎడంగా, నిమ్మతోట మధ్యలో మా ఇల్లు. తెల్లారి రైతులకు ఇవ్వాల్సిన డబ్బు సంచి బీరువాలో ఉంది. కిటికీ రెక్క సందులోంచి చూస్తే మోటారు షెడ్డు దగ్గర ఇద్దరు వంగి ఏదో కోస్తున్నారు. మూడోవాడు మా మెట్లకు పదడుగుల దూరంలో నిలబడి ఇంటి వైపే చూస్తున్నాడు. వాడి చేతిలో ఇనప కడ్డీ ఉంది.

నేను గడ్డపలుగు పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను. మా ఆవిడ పిల్లలిద్దర్నీ వంటింట్లోకి తోసి గడియ పెట్టింది. ఇరవై నిమిషాలు అలాగే ఉన్నాం. వాళ్లు కేబులు చుట్ట చుట్టుకుని వెళ్లిపోయారు. పోయింది రాగి తీగే. కానీ ఆ మూడోవాడు ఇంకో పదడుగులు ముందుకేసి ఉంటే నేనేం చేసేవాణ్ణి అన్న ప్రశ్న నన్ను నెలల తరబడి నిద్రపోనివ్వలేదు.

నాది నిమ్మకాయల వ్యాపారం. ఫోన్‌లో డబ్బులు వేసే రోజులొచ్చినా, కాయ తూకం కాగానే చేతిలో నోట్లు పడితేనే సంతోషపడే రైతులు మా దగ్గర ఇప్పటికీ ఉన్నారు. తెల్లవారుజామున సంచి పెట్టుకుని బండి మీద పోవడం తప్పదు. అందుకే తుపాకీ లైసెన్సుకు పెట్టుకున్నాను. దరఖాస్తు, పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్టు, తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు కాగితం, అన్నీ అయి 2023 ఏప్రిల్లో లైసెన్సు చేతికొచ్చింది. ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను. అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. ఏది కొనాలి?

మా నాయనకు అడవి పందుల కోసం ఒంటి గొట్టం 12 బోరు, అంటే పొడుగు తుపాకీ, ఉండేది. నిజం చెప్పాలంటే, ఇల్లు కాపాడుకోవడం ఒక్కటే పనైతే నేను కూడా అదే కొనేవాణ్ణి. పొడుగు తుపాకీని రెండు చేతులతో, భుజానికి ఆనించి పట్టుకుంటాం కాబట్టి గురి కుదురుతుంది. చిన్న తుపాకీ చేతిలో వణుకుతుంది. శిక్షణలో మొదటిసారి కాల్చినప్పుడు ఏడు గజాల దూరంలో ఉన్న అట్ట మీద నా ఆరింటిలో రెండే తగిలాయి. అక్కడ నన్ను ఎవరూ తరమడం లేదు, చీకటీ లేదు. "దగ్గరే కదా, చూపించి నొక్కితే చాలు" అనుకునేవాళ్లు ముందు ఒకసారి కాల్చి చూడాలని నా మనవి. కానీ 12 బోరు పెట్టుకుని బండి మీద సంచితో పోలేను. నాకు ఇంట్లోనూ దారిలోనూ పనికొచ్చేది కావాలి. 2019లో చట్టం మారాక ఒక మనిషి రెండు తుపాకులకు మించి ఉంచుకోకూడదు. నాకు రెండు కొనే స్తోమతా లేదు, రెండిటికి తాళాలు కాసే ఓపికా లేదు. ఒక్కటే కొనాలి.

యూట్యూబ్‌లో చూసి మోసపోవద్దు. అమెరికావాళ్లు అక్కడ చూపించే చిన్న చిన్న పిస్టళ్లు చాలావరకు 9 ఎంఎం. మన దేశంలో అది నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి సైజు), మామూలు మనిషికి దొరకదు. విదేశీ తుపాకుల దిగుమతి 1980ల్లోనే ఆగిపోయింది కాబట్టి వాల్తర్ పీపీకే లాంటి విదేశీ పిస్టళ్లు కావాలంటే ఎవరి దగ్గరో ఉన్న పాతది లక్షలు పోసి కొనాలి. మనలాంటివాళ్లకు చివరికి ఎక్కువగా మిగిలేది పాయింట్ 32 బోరు. అందులో నేను చూసిన దారులు రెండు. కాన్పూరులో చేసే రివాల్వర్ ఒకటి, బెంగాల్లో చేసే అశని పిస్టల్ ఒకటి. ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. రెండింటి మీదా 32 అనే ఉన్నా తూటాలు వేరు. రివాల్వర్ తూటా పొడుగ్గా ఉంటుంది, అడుగున అంచు బయటికి వచ్చి ఉంటుంది. పిస్టల్‌ది పొట్టిది. ఒకదానిది ఇంకోదానికి పనికిరాదు.

డీలరు దగ్గరికి పోయేటప్పుడు నా మనసంతా పిస్టల్ మీదే ఉంది. పలకలా పల్చగా ఉంటుంది, చొక్కా కింద ఎత్తు కనపడదు. రివాల్వర్‌కైతే మధ్యలో తూటాలు పట్టే గుండ్రటి సిలిండర్ పొట్టలా ఉబ్బి ఉంటుంది. అంగట్లో డెబ్బై ఏళ్ల పెద్దాయన ఉన్నాడు. నేను పిస్టల్ అడిగితే తీసి గాజు బల్ల మీద పెట్టాడు. అందులో డమ్మీ తూటాలు వేసి ఉన్నాయి. ఆయన మ్యాగజైన్, అంటే పిడిలో తూటాలు పట్టే డబ్బా, ఊడదీసి పక్కన పెట్టి, "ఇప్పుడు ఇది ఖాళీనా, నిండా?" అని అడిగాడు.

ఖాళీ అన్నాను.

ఆయన ఏమీ మాట్లాడకుండా స్లైడు, అంటే పిస్టల్ పైన జారే భాగం, వెనక్కి లాగాడు. లోపల గొట్టంలో ఉండిపోయిన తూటా టక్కుమని ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వచ్చి నా చేతికి తగిలింది.

"చూశావా నాయనా, మ్యాగజైన్ తీశాం కదా అని ధీమాగా ఉంటారు. ఇల్లాళ్లూ పిల్లలూ పోయేది ఈ ఒక్క తూటాకే" అన్నాడు.

నా ఒళ్లు జలదరించింది. శిక్షణలో ఈ మాట చెప్పే ఉంటారు. నేనూ తల ఊపే ఉంటాను. కళ్ల ముందు పడేసరికి వేరుగా ఉంది. ఇంకో ఇబ్బంది కూడా అక్కడే బయటపడింది. 2016లో బండి మీంచి పడి నా ఎడమ మణికట్టు విరిగింది. అతికింది కానీ పట్టు మునుపటిలా లేదు. పిస్టల్లో మొదటి తూటా ఎక్కాలంటే స్లైడు పూర్తిగా వెనక్కి లాగి వదలాలి, స్ప్రింగు బాగా బిగువు. నాలుగుసార్లు లాగితే రెండుసార్లు సగంలోనే జారిపోయింది. మామూలప్పుడే ఇలా ఉంటే రాత్రి ఒకటిన్నరకు, చెమట చేతులతో నా వల్ల అవుతుందా?

తర్వాత రివాల్వర్ చేతికిచ్చాడు. మూడంగుళాల గొట్టం, బరువు ముప్పావు కిలోకి కాస్త తక్కువ. పాత వెబ్లీ పద్ధతిలో చేసింది. వెనకున్న గొళ్లెం బొటనవేలితో నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే తుపాకీ మధ్యకు విరిగినట్టు తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న చక్రం పైకి లేచి ఆరు తూటాలనూ ఒక్కసారే బయటికి నెడుతుంది. దోసిలి పడితే ఆరూ చేతిలో పడతాయి. తెరిచి దీపానికి పట్టుకుంటే సిలిండర్లో తూటాలు కూర్చునే ఆరు గదుల్లోంచీ అవతలి వెలుగు కనపడుతుంది. ఖాళీనా నిండా అని ఇంకొకరిని అడగక్కర్లేదు, గుర్తుపెట్టుకోనూ అక్కర్లేదు. మా ఆవిడ చూసి చెప్పగలదు, పదో తరగతి చదివే మా పెద్దమ్మాయి చూసి చెప్పగలదు.

ఈ రివాల్వరే కొనాలని నేను తేల్చుకుంది అక్కడే. లైసెన్సు నా ఒక్కడి పేరున ఉంది, వాడాల్సింది నేనొక్కణ్ణే. కానీ దాంతోపాటు ఒకే కప్పు కింద పడుకునేది నలుగురం. మిగతా ముగ్గురికీ దాని స్థితి ఏమిటో తెలియకపోతే అది మాకు కాపలా ఎలా అవుతుంది?

నిర్భీక్ కూడా చూశాను. 2014లో ఆడవాళ్ల కోసమని తెచ్చిన రివాల్వర్ అది, టైటానియం కలిపిన లోహంతో చేసింది. అరకిలో ఉంటుంది. జేబులో పెట్టుకోవడానికి హాయి. కానీ వచ్చినప్పుడే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. పైగా తుపాకీ ఎంత తేలికైతే పేలినప్పుడు చెయ్యి అంత ఎగురుతుంది. నా మణికట్టుకు కాస్త బరువున్నదే మేలనిపించింది. నేను కొన్న కొద్ది నెలలకే, 2023 ఆగస్టులో, ప్రబల్ అని ఇంకోటి వచ్చింది. అందులో గొట్టం వంచే పని లేదు, సిలిండరే పక్కకు తెరుచుకుంటుంది. ఇప్పుడు కొనేవాళ్లు నేను కొన్నదీ, ప్రబలూ రెండూ చేత్తో పట్టుకుని చూడండి. గదులు కనపడటం మాత్రం రెండింట్లోనూ ఒకటే.

ఇక ఒంటి మీద పెట్టుకోవడం సంగతి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మార్కెట్టుకు లుంగీతోనే పోయేవాణ్ణి. లుంగీకి హోల్స్టర్, అంటే తుపాకీ పెట్టుకునే ఒర, నిలవదు. గట్టి బెల్టు ఉండాలి, బెల్టు ఉండాలంటే ప్యాంటు వేసుకోవాలి. డబ్బు పట్టుకుపోయే రోజుల్లో ఇప్పుడు ప్యాంటు, దాని మీద వదులు చొక్కా వేస్తున్నాను. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బయటికి తీసుకుపోయే చిన్న తుపాకీ హోల్స్టర్లో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మన అదుపులో ఉండాలి. నలుగురికీ కనపడేలా నడుముకు వేలాడదీసుకుని తిరగడానికి ఇచ్చింది కాదు. మార్కెట్లో ఒకాయన "ఏదన్నా, ఒకసారి చూపీయవా" అని నాలుగైదుసార్లు అడిగాడు. చూపించలేదు. ఆయన మొహం మాడ్చుకున్నాడు. అయినా సరే, అది చూపించుకునే వస్తువు కాదు.

బండి మీద కూర్చుంటే హోల్స్టర్ ఎక్కడుండాలో తెలియడానికి రెండు వారాలు పట్టింది. ముందుకు పెట్టుకుంటే వంగినప్పుడు పొట్టలో గుచ్చుకుంటుంది. నడుం వెనక పెట్టుకుంటే, పడితే వెన్నెముక మీదే పడతాం. కుడి తుంటి ఎముకకు కొంచెం వెనగ్గా కుదిరింది. మా నెల్లూరు ఎండలకు తోలు హోల్స్టర్ మధ్యాహ్నానికే తడిసి ముద్దవుతుంది. ఇంటికి రాగానే తుపాకీ బయటికి తీసి, హోల్స్టర్ విడిగా ఆరేయాలి.

నిమ్మకాయల వాళ్లకు ఇంకో బెడద ఉంది, నాకది ఎవరూ చెప్పలేదు. రోజంతా కాయలు ఏరే చేతులకు పులుపు పట్టి ఉంటుంది. ఆ చేతులతోనే నాలుగు రోజులు తీసి పెట్టాను. ఐదో రోజు చూస్తే సిలిండర్ మీది నల్లరంగు నా వేళ్లు ఆనే చోట గోధుమ రంగుకు తిరిగి, బొటనవేలి ముద్ర అచ్చు గుద్దినట్టు కనపడుతోంది. పులుపుకు ఆ నలుపు పోయి, కింది ఉక్కుకు తుప్పు మొదలైంది. నూనె గుడ్డతో ఎంత తుడిచినా ఆ ముద్ర పోలేదు, ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగితే గానీ దాన్ని ముట్టుకోను. అక్టోబరు, నవంబరు వానల్లో గాలిలో తేమకే తుప్పొస్తుంది కాబట్టి ఆ రెండు నెలలూ రోజు విడిచి రోజు తుడవాల్సిందే.

ఇక చట్టం గురించి కూడా చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. పాత ఐపీసీలో ఇవి 96 నుంచి 106. ప్రాణం పోతుందన్న న్యాయమైన భయం ఉన్నప్పుడు, పొద్దుగుంకాక తెల్లారేలోపు ఇల్లు పగలగొట్టి వస్తున్నప్పుడు ఆ హక్కు చాలా దూరం పోతుంది. కానీ అవసరానికి మించి ఒక్క దెబ్బ కొట్టే హక్కు లేదు. అంటే ఆ రాత్రి షెడ్డు దగ్గర కేబులు కోస్తున్న ఇద్దరినీ నేను కాల్చకూడదు. చుట్ట భుజాన వేసుకుని పరిగెత్తేవాణ్ణి వెనక నుంచి అసలే కాల్చకూడదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, రాగి తీగ కోసం ఒక తల్లి బిడ్డను చంపి ఈ తోటలో నేను మళ్లీ కాయ కోయగలనా? గడ్డపలుగు పట్టుకుని నిలబడ్డ ఆ ఇరవై నిమిషాలను ఎన్నోసార్లు మళ్లీ తలుచుకున్నాను. చేతిలో రివాల్వర్ ఉన్నా నేను చేయాల్సిన పని అదే. తలుపు వెనకే ఉండి, ఫోన్ చేసి, తలుపు పగిలితే తప్ప వేలు ట్రిగ్గర్ మీద పెట్టకుండా ఉండటం.

అందుకే ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. పగలు తుపాకీ ఖాళీగా, బీరువా లోపలి లాకరులో. తూటాలు వేరే ట్రంకుపెట్టెలో, వేరే తాళంతో. ఆ తాళంచెవి మా ఆవిడ దగ్గర. రాత్రి పిల్లలు పడుకున్నాక నింపి, మంచం పక్కన గోడకు బోల్టులతో బిగించిన నంబరు తాళం పెట్టెలో పెడతాను. నంబరు నాకొక్కడికే తెలుసు. చుట్టాలు దిగిన రాత్రి, పిల్లలు ఎక్కువగా ఉన్న రాత్రి, అసలు నింపనే నింపను. పెంచలకోన గుడికి పోయేటప్పుడు ఇంట్లోనే తాళం వేసి పోతాం. నెలకు పాతిక రోజులు అది ఇల్లు దాటి దారిన పడదు. డబ్బు తీసుకుపోయే నాలుగైదు రోజులే నడుముకు ఉంటుంది.

2024 ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమన్నారు. మార్చిలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. జూన్‌లో ఫలితాలు వచ్చాక తెచ్చుకున్నాను. ఆ మూడు నెలలూ కుక్కలు మొరిగిన ప్రతిసారీ లేచి కూర్చున్నాను. కానీ ఆ మూడు నెలల్లోనే మెట్ల దగ్గర రెండు పెద్ద లైట్లు పెట్టించాను, ముందు తలుపుకు ఇనప గ్రిల్లు వేయించాను. ఈ రెండూ రివాల్వర్ కంటే ముందే చేయాల్సిన పనులు. మీరు తుపాకీకి దరఖాస్తు రాసేముందు వెల్డింగు పనివాణ్ణీ, కరెంటు పనివాణ్ణీ పిలవండి.

తిరిగి తెచ్చుకున్న రోజు సాయంత్రం చేతులు కడుక్కుని, కింద తుండుగుడ్డ పరిచి, గొట్టం వంచి తెరిచాను. గొళ్లెం పక్కన ఆవగింజంత తుప్పు చుక్క. తుడుస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా భుజం మీదుగా వంగి చూసింది. ఆరు గదుల్లోంచీ ట్యూబులైటు వెలుగు కనపడుతోంది. "సరే, పెట్టేయ్" అని ట్రంకుపెట్టె తాళంచెవి తెచ్చి నా పక్కన పెట్టింది.